వరద చూడవచ్చినవారు

వరద కొట్టిన ఊళ్లు చూడవచ్చేవాళ్ల రాకతో కోలుకుంటాయని మొన్న ఒక పత్రికలో చదివాను. బడి గడప తొక్కకుండా, కిరాణా పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ని. పత్రికలో రాసేవాళ్లకు ఎదురు చెప్పడానికి నీవెవడివి అంటారేమో. కానీ వాళ్లు రాసిన ఆ మేలు నేను అనుభవించాను.

మా ఊరు బోధన్ అవతల, మంజీర ఒడ్డున. అరవైల్లో ఒక శ్రావణంలో నది ఊళ్లోకి వచ్చింది. చెరుకు తోటలు నేలకు పడుకున్నాయి. మా ఇంటికి రెండు గోడలు కూలాయి. బాపు అప్పటికే లేడు. కూలిన చోట తడకలు కట్టి నన్ను కన్న అవ్వా నేనూ తలదాచుకున్నాం. గోడలు కూలినవాళ్లకు సర్కారు కలప, పెంకులు ఇస్తుందని, అధికారి వచ్చి చూసి రాసుకుంటాడని డప్పు కొట్టి చాటారు. చలికాలం లోపల ఇల్లు లేవాలంటే మాకు అదొక్కటే దారి.

అధికారి కంటే ముందు జనం వచ్చారు. ఆదివారమైతే చాలు, నిజామాబాదు నుంచి లారీల్లో, బోధన్ నుంచి సైకిళ్ల మీద. పొంగిన నదిని చూసి, ఆపైన మా కూలిన ఇండ్లు చూసేవారు. ఒకాయన మా ఒరిగిన దూలం కింద భార్యను నిలబెట్టి ఫొటో తీసుకున్నాడు. మావాళ్లు చాయ్ కాచారు, మక్కకంకులు కాల్చి అమ్మారు. ఊరి పొయ్యిలు కొన్నాళ్లు దాని మీదనే వెలిగాయి. అది అబద్ధమని నేననను. నేనూ కట్టెలు మోశాను.

ఆ వచ్చే ఆదివారమే అధికారి వస్తున్నాడని కబురందింది. ముందురోజు అవ్వ ఎర్రమన్ను తడిపి కూచుంది. నిలిచిన గోడలతో పాటు తడకలకు కూడా మన్ను మెత్తి, నున్నగా అలికింది. వాకిట్లో ముగ్గు వేసింది.

"అవ్వా, గిదేమన్న పెండ్లిల్లా? కూలింది కూలినట్టే ఉండనియ్యి" అన్నాను.

"పెద్దమనిషి వస్తుంటే పాడుకొంప సూపెడ్తరారా? నీకు సిగ్గు లేకపోతే నాకు గూడ లేదా?"

ఊళ్లో ఏ ఇంటి ఆడవాళ్లూ వేరుగా చేయలేదు.

అధికారి జీపులో భార్యాపిల్లలతో దిగాడు. చాయ్ తాగాడు, పిల్లలకు కంకులు ఇప్పించాడు. కొత్తగా అలికిన ఇండ్లను, పొయ్యిల చుట్టూ మూగిన జనాన్ని చూసి నవ్వాడు.

"వరదొచ్చిందంటిరి. ఈడ జాతర నడుస్తున్నది గదా."

"సారూ, అవి గోడలు కావు, తడకలు. జర దగ్గరికొచ్చి సూడుండ్రి" అన్నాడు మా పక్కింటి అన్న.

"నాకు కండ్లు లేవా?"

తడక పీకి చూపించడానికి లేచాను. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. లోపల మా చిరిగిన బొంతలు, తడిసిన గింజలు ఆరబోసి ఉన్నాయి. పరాయివాళ్ల ముందు అవి బయటపడటం ఆమెకు చావుతో సమానం. నేను కూచున్నాను. జీపు వెళ్లిపోయింది.

సర్కారు జాబితాలో మా ఊరి నుంచి ఒక్క ఇల్లూ ఎక్కలేదు. నది తగ్గగానే చూడవచ్చేవాళ్లూ రావడం మానేశారు. చలి ముదిరి తడకల వెనక అవ్వ దగ్గు ఆగకపోతే, రుద్రూర్‌లో అక్క ఇంటికి తీసుకుపోవడానికి బండి కట్టాను.

"అల్లునింట్ల పడి తినే రాత రాసిండు దేవుడు" అంటూ ఎక్కింది.

నేను గోడలు లేపడానికి నాలుగేండ్లు పట్టింది. అవ్వ రెండో ఏడే అల్లుడింట్లో పోయింది.