పై గదికి కొట్టిన మందు

భూమేష్ చెయ్యి పడితే ఎండిన కొమ్మయినా చిగురిస్తుందని బహ్రెయిన్‌లో జల్లాఖ్ వైపు విల్లాల్లో పేరు. మెట్‌పల్లి దగ్గర పసుపూ పత్తీ పండించే ఇంట్లో పుట్టినవాడు. ఆకు వెనక్కి తిప్పి చూశాడంటే ఏ పురుగు పట్టిందో, ఎన్నాళ్ళయిందో ఇట్టే చెప్పేవాడు. బహ్రెయిన్‌కు వచ్చింది కూలిపనికే. రెండేళ్ళు సిమెంటు మోశాక, ఎవరిదో చచ్చిపోతున్న గులాబీతోటను బతికించి తోటమాలి అయ్యాడు. భార్య నాగవ్వకు ఉత్తరం రాయించినప్పుడల్లా "దుబాయిల గూడ నేను ఎవుసమే జేస్తున్న" అని రాయించేవాడు. వాళ్ళ ఊరికి గల్ఫ్ అంతా దుబాయే.

1994లో అతను పనిచేసే విల్లాలో కార్ల్ అనే విదేశీ ఇంజనీరు ఒక్కడే ఉండేవాడు. ఇంటిపని చేసేది రాజోలు వైపు నుంచి వచ్చిన సూర్యావతి. నలభై దాటిన మనిషి. భూమేష్‌ను నోరారా తమ్ముడూ అనేది. వండిన దాంట్లో అతనికో గిన్నె తీసిపెట్టందే తను తినేది కాదు.

మే నెలలో ఒకరోజు కార్ల్ అతన్ని పై అంతస్తుకు తీసుకెళ్ళి, ఎప్పుడూ తాళం వేసి ఉండే చివరి గది తెరిచాడు. కిటికీలకు నల్లగుడ్డ. పైన కళ్ళు చెదిరే దీపాలు. కింద కుండీల్లో ఇరవై దాకా మొక్కలు. వేళ్ళు చాపిన చెయ్యిలా ఉన్న ఆ ఆకులు చూడగానే భూమేష్‌కు తెలిసిపోయింది. గంజాయి.

"జబ్బు చేసింది. బాగుచెయ్. ఎవరికీ చెప్పకు," అన్నాడు కార్ల్ వచ్చీరాని హిందీలో.

అప్పుడే వెనక్కి తిరిగి మెట్లు దిగిపోవాల్సింది. కానీ భూమేష్ చెయ్యి అలవాటు కొద్దీ ముందుకు వెళ్ళి ఆకును తిప్పింది. వెనక సన్నటి బూజు, అందులో కదిలే ఎర్రటి చుక్కలు. ఎర్రనల్లి, ఆకు రసం పీల్చేసే పురుగు. దీపాల వేడికీ ఏసీ పొడిగాలికీ అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతోంది. ఆ క్షణాన అతనికి గంజాయి కనబడలేదు, జబ్బుపడ్డ చెట్టే కనబడింది.

సబ్బునీళ్ళతో ఆకుల అడుగులు తుడిచాడు. వేపనూనె కలిపి కొట్టాడు. బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి సంచిలో మూట కట్టి పారేశాడు. పదిరోజులు తగ్గినట్టే తగ్గి మళ్ళీ పట్టింది. తెస్తున్నది తనేనని చాలా ఆలస్యంగా తట్టింది. కింద మల్లెపొదల్లో పనిచేసి అదే చొక్కాతో పైకి వెళ్ళేవాడు. నల్లి బట్టల మీద ఎక్కి వచ్చేది. చొక్కా మార్చుకుని వెళ్ళడం మొదలుపెట్టేసరికే మొక్కలన్నిటికీ గూడు అల్లేసింది.

"నువ్వసలు తోటమాలివేనా?" అన్నాడు కార్ల్.

ఆ మాట భూమేష్‌కు ముల్లులా దిగింది. జిదాఫ్స్ బజారుకు వెళ్ళి ఘాటైన మందు సీసా తెచ్చాడు. ఊళ్ళో పత్తికి కొట్టేలాంటిదే. గాలాడే చేలో కొట్టాల్సిన మందని, మూసిన గదిలో కొట్టకూడదని అతనికి తెలుసు. పత్తి చేలో మందు కొడుతూ పడిపోయిన మనిషిని మంచం మీద మోసుకెళ్ళిన నలుగురిలో అతనొకడు. తెలిసి తెలిసీ, ముక్కుకు తువ్వాల కట్టుకుని, ఒక పొద్దున గదంతా తడిసేలా కొట్టాడు. గది తెరిచి ఇచ్చి వెళ్ళిన కార్ల్‌తో పాటే తాళంచెవి ఆఫీసుకు వెళ్ళిపోయింది. తాళం వెయ్యలేక, తలుపు దగ్గరగా వేసి కిందికి వచ్చాడు.

సూర్యావతి వంటింట్లో చేప కడుగుతోంది.

"అక్కా, ఇయ్యాల పైకి పోకు."

"ఏం తమ్ముడూ?"

"ఊకెనే. సాబ్ వద్దన్నడు."

"ఆయనగారు ఎప్పుడు వద్దనలేదు కనక!" అని నవ్వేసిందామె.

"మందు కొట్టిన, అక్కా" అంటే సరిపోయేది. కానీ ఎక్కడని అడుగుతుంది, దేనికని అడుగుతుంది. గుట్టు బయటపడుతుంది. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, తోటలోకి వెళ్ళి నీళ్ళ గొట్టం పట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి పైనుంచి ఘాటు దిగింది. ఏ వైరో కాలుతోందని భయపడి సూర్యావతి ఆ గది తలుపు తీసింది. నేలంతా తడి. ఏసీ కారిందనుకుని, గుడ్డ తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని ఒట్టి చేతులతో తుడిచింది. భూమేష్ మంచినీళ్ళకని లోపలికి వచ్చేసరికి మెట్ల మీద పడి ఉంది. నోట్లోంచి చొంగ, కళ్ళలోంచి ధారగా నీళ్ళు, కంటిపాపలు ఆవగింజలంత. ఆనాడు మంచం మీద మోసిన మనిషి కళ్ళూ అలాగే ఉన్నాయి.

భోజనానికి కార్ల్ అప్పుడే వచ్చాడు. ఆమెను అతని కారులో వేసుకుని ఇద్దరూ బయలుదేరారు. ఎక్కే ముందు భూమేష్ మందు సీసాను జేబులో పెట్టుకున్నాడు. "తిండి పడలేదని చెప్పు. మందు మాట ఎత్తావో, ఇద్దరం జైలుకే," అన్నాడు కార్ల్ దారిలో.

ఆసుపత్రిలో మలయాళీ డాక్టరు ఏం తిందని అడిగాడు. చేప తిందన్నాడు కార్ల్. డాక్టరు నమ్మినట్టు లేదు, భూమేష్ వైపు చూశాడు. భూమేష్ తలదించుకున్నాడు. జేబు మీద చెయ్యి పెట్టుకుని గోడకు ఆనుకుని పావుగంట నిలబడ్డాడు. సీసా చేతికి తగులుతూనే ఉంది. తెరచాటు నుంచి సూర్యావతి కాళ్ళు కనబడుతున్నాయి. పిక్కలు గిలగిల కొట్టుకోవడం మొదలయ్యాక ఇక నిలవలేక పరుగున వెళ్ళి సీసా డాక్టరు చేతిలో పెట్టాడు.

"డాక్టర్ సాబ్, ఇది. చెట్లకు గొట్టిన."

"ఎక్కడ?"

"తోటల. గులాబీలకు," అన్నాడు. అప్పుడు కూడా గది మాట నోట రాలేదు.

"సీసా జేబులో పెట్టుకుని ఇంతసేపూ నిలబడ్డావా?" అని అరిచి డాక్టరు ఇంజెక్షన్లకు పురమాయించాడు.

సూర్యావతి బతికింది. ఆమె ఆసుపత్రిలో ఉన్న పది రోజుల్లో కార్ల్ గది ఖాళీ చేయించి సున్నం వేయించాడు. ఆమెకు ఇంటికి టిక్కెట్టు కొన్నాడు. నెల తిరక్కుండా తనూ దేశం విడిచిపోయాడు. ఎవరూ ఏమీ అడగలేదు.

ఆమె ప్రయాణానికి ముందురోజు భూమేష్ వార్డుకు వెళ్ళి మంచం పక్కన నిలబడి మొత్తం చెప్పాడు. గది, గంజాయి, నల్లి, మందు, ఆ పావుగంట. ఆమె కప్పుకేసి చూస్తూ విన్నది.

"మందు కొట్టానని ఒక్క ముక్క చెప్తే వెళ్ళేదాన్నా?"

"పోకపోదువక్కా."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"భయమైంది. ఇంకోటి... మొక్కలు సావొద్దనుకున్న."

ఆమె మొహం అటు తిప్పుకుంది. "ఇంక వెళ్ళు," అంది.

భూమేష్ తరవాత సీఫ్ దగ్గర ఒక ఆఫీసు తోటలో చేరాడు. ఏ మొక్కకు ఏ మందు కొట్టాలన్నా ముందు వంటవాళ్ళకు, డ్రైవర్లకు, ఊడ్చేవాళ్ళకు, కనబడ్డ ప్రతివాళ్ళకూ చెప్పేవాడు. సబ్బునీళ్ళు చల్లినా చెప్పేవాడు. చాదస్తమని నవ్వేవాళ్ళు. నవ్వనిచ్చేవాడు.

1997లో సెలవు మీద వచ్చినప్పుడు, పని ఉందని నాగవ్వతో చెప్పి రాజమండ్రి రైలెక్కాడు. రాజోలు దాటాక ఊరు వాకబు చేసుకుంటూ వెళ్ళాడు. సూర్యావతి అరుగు మీద బియ్యం చెరుగుతోంది. అతన్ని పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. లేచి లోపలికి నడుస్తుంటే ఎడమ పాదం నేలను ఈడ్చుతోంది. ఆసుపత్రి నుంచి వచ్చిన మూడు వారాలకు, ఆ మందు విషానికే, అరికాళ్ళలో తిమ్మిరి మొదలైందట. కుడికాలు తేరుకుంది, ఎడమది తేరుకోలేదు.

"ఎండన పడి వచ్చావు, కాళ్ళు కడుక్కో. అన్నం పెడతాను," అందామె. చెంబు అందిస్తూ మళ్ళీ అంది, "క్షమించావా అని మాత్రం అడక్కు తమ్ముడూ. అడిగితే ఏం చెప్పాలో నాకూ తెలీదు."

అతను అడగలేదు. ఆమె వడ్డించింది, పులుసు మళ్ళీ వేసింది, మజ్జిగ పోసింది. వంటింటికీ వసారాకూ మధ్య ఆ పాదం ఈడ్చిన చప్పుడు వింటూ, తల ఎత్తకుండా, విస్తట్లో ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు.