టాకీసు తెరకు గొల్లభామ అంచు

ఆ రోజుల్లో సిద్దిపేటలో సినిమా హాలంటే రేకుల కొట్టం, దాని వెనక దడదడమనే ఇంజను, మగవాళ్లకు నేల, ఆడవాళ్లకు పరదా చాటున చాప. ఇప్పుడా హాలు లేదు, ఆ జాగాలో బియ్యం దుకాణం ఉంది. అటు పోయినప్పుడల్లా నాకు కొంచెం సిగ్గేస్తుంది. ఎందుకంటే ఆ హాలుకు మొదటి తెర నేసింది నేనే. (నాలుగో జమాతుతో బడి మానేసినవాణ్ణి, రాయడం ఇదే మొదలు. మగ్గం మీదైతే తప్పు పోగు తీసి మళ్లీ వేసేవాణ్ణి. కాగితం మీద ఎట్లా చేస్తారో తెలియదు.)

అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు. ఇంట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద బాపు గొల్లభామ చీరలు నేసేవాడు. నెత్తిన కుండ పెట్టుకొని వరుసగా నడిచే ఆడవాళ్ల బొమ్మలు వాటి అంచుల్లో ఉండేవి. రెండోదాని మీద నేను దుప్పట్లు, తువాలలు నేసేవాణ్ణి. బాపు పక్కన కూర్చొని ఆ బొమ్మ వేయడం నేర్చుకున్నాను గానీ ఆ మగ్గం మాత్రం నా చేతికి రాలేదు. అట్లాంటప్పుడు హాలు కట్టిస్తున్న సేటు మా ఇంటికి వచ్చి, "గోడంత తెర గావాలె, తెల్లగ, మందంగ నెయ్యిన్రి" అని చెప్పి పోయాడు. బాపు అక్కన్నపేటలో చెల్లెలింటి పెళ్లికి పోతూ ఆ పని నాకు అప్పజెప్పాడు. "మంచిగ దిగిందనుకో, గొల్లభామ మగ్గం నీకే ఇడిసిపెడ్త. చెడగొడితివా, భీమండి పోయి మీ చిన్నాయనతోని మిల్లుల పని జేస్కో." భీమండి నుంచి వచ్చినప్పుడల్లా దగ్గుతూ ఉండే చిన్నాయన నాకు గుర్తుకొచ్చాడు.

నేను అప్పటిదాకా సినిమా చూసినవాణ్ణి కాదు. తెర అంటే నాకు తెలిసింది భాగోతంలో ఇద్దరు పట్టుకొని నిలబడే తెర. దానికి అంచుంటుంది, బొమ్మలుంటాయి. అంచు లేని తెల్లబట్ట మా వాడలో ఒక్కదానికే కొంటారు, అది కప్పుకున్నవాడు మళ్లీ లేవడు. కొత్త హాలుకు అట్లాంటిది ఎట్లా ఇస్తాం? అందుకే, పట్టీలుగా నేసి కలిపి కుట్టే ఆ తెరలో అన్నిటికంటే కిందికి వచ్చే పట్టీకి ఎర్ర నూలుతో గొల్లభామల అంచు వేశాను. దూరం నుంచి కూడా కనబడాలని ఒక్కొక్కదాన్ని జానెడు ఎత్తున దించాను. పైన కూడా వేసేవాణ్ణే, ఎర్ర నూలు అయిపోయింది. నేస్తుంటే అవ్వ, అంటే మా అమ్మ, వచ్చి చూసి, "సేటు అంచు అడిగిండార?" అంది. "బట్ట అన్నంక అంచు ఎవలన్న అడుగుతరానె" అన్నాను. అవ్వకు కూడా అది న్యాయంగానే తోచింది.

మొదటి ఆట మధ్యాహ్నం. సేటు ఇంజనుతో తిప్పలు పడుతూ బయటే ఉన్నాడు, తెర కట్టింది కూలీలు. జనం లోపలికి వచ్చి "తెర జోరున్నదిర" అంటుంటే నేను నిటారుగా కూర్చున్నాను. పొద్దున్నే పెళ్లి నుంచి తిరిగొచ్చిన బాపు నా పక్కన కూర్చొని, తల వంచి వంచి చూసి, "గదేందిర?" అన్నాడు. "అంచు." "అంచని నాకు ఎరుకే. గాడ ఎందుకున్నదిర?" నేను జవాబు చెప్పేలోపల దీపాలు ఆరాయి, ఆడవాళ్ల వైపు పరదా పక్కకు జరిగింది, బొమ్మ పడింది.

రాజు సింహాసనం మీద కూర్చున్నాడు. ఆయన మోకాళ్ల మీదుగా నా గొల్లభామలు కుండలెత్తుకొని పోతున్నారు. వెనక నుంచి ఎవడో, "రాజా, చల్ల పోపియ్యాల్నా?" అన్నాడు. కాసేపటికి రాణి కొడుకు చచ్చిపోయాడు. ఏడుస్తున్న రాణి మొహం తెరనిండా వచ్చింది, గడ్డం కింద గొల్లభామలు వరుస కట్టారు. "రాణికి గడ్డమొచ్చెరో" అని ఒకడు అనగానే హాలంతా కడుపులు పట్టుకొని నవ్వింది. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి మా అవ్వ గొంతు వినబడింది. "గవి మా పోరడు నేసినయే అక్కా. నవ్వుతరేంది, కుండలు ఎంత మంచిగ కుదిరినయో సూడరాదు." తలలన్నీ నా వైపు తిరిగాయి. నేను చూసిన మొదటి సినిమా ఇంటర్వెల్లు దాకా, తల మోకాళ్ల మధ్య పెట్టుకొనే గడిచింది.

ఇంటర్వెల్లులో సేటు వచ్చి, "ఏం పెద్దాయన, తెర నెయ్యిమంటె చీర కడ్తివి గదనే" అన్నాడు. భీమండి ఖాయమనుకున్నాను. బాపు లేచి తెర దగ్గరికి పోయి, అంచు చేతిలోకి తీసుకొని ముందు చూశాడు, తిప్పి వెనక చూశాడు, ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు.

"నూలు యాడ తెగలే సేటూ."

"నాకు నూలుతోని ఏం పని? తెర గావాలె."

"తెల్లది నేను నేసిస్త. వీని చేతికి సాదా బట్ట రాదు." తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు. "రేపటిసంది నా మగ్గం మీద కూసో. ఎడమ దిక్కు మూడోదాని మెడ వంకరున్నది, గది సరిజేస్కో."

ఆ అంచు బట్టను సేటు పారేయలేదు, ఆడవాళ్ల వైపు పరదాగా కట్టించాడు. దీపాలారి అది పక్కకు జరిగినప్పుడల్లా, బొమ్మలు మడతల్లో పోతున్నాయని మా అవ్వ సణుక్కునేది. తర్వాత నేను ఎన్ని చీరలు నేశానో, చేతులు వణికి ఎప్పుడు మానేశానో అది వేరే సంగతి. ఇప్పుడు మనవలు నన్ను టీవీ ముందు కూర్చోబెడితే నా కన్ను బొమ్మ కింది అంచుకే పోతుంది. అక్కడ ఏమీ ఉండదు. ఉండకూడదని కూడా ఇప్పుడు తెలుసు. అయినా నేను ఎడమ నుంచి మూడోదాని కోసం వెతుకుతాను, మెడ సరిచేద్దామని.