అమ్మ చేతికంటిన పట్టు

మా చెల్లెలంటే నాకు కుళ్లు. దాచేదేముంది, సెప్పేస్తాండా.

ఎమ్మిగనూరులో నేను పట్టుచీరెలు నేస్తా. ఆమె ఆదోనిలో కాలేజీ పిల్లోళ్లకు సైన్సు సెప్తాది. మా అమ్మకు షుగరు. పోయినేడు చెల్లెలు నా కాడ మిగిలిన పట్టుదారమే పట్టుకుపోయి, ఉడకబెట్టి జిగురు తీసి, కరగబెట్టి, కంటికి ఆనని బంగారు నలుసులు కలిపి, ఉల్లిపొరంత పల్చటి ముక్క చేసింది. చేతికి అంటిస్తే చెమటలో చక్కెర ఎంతుందో ఫోన్లో కనపడతాదంట. ఇంకా పరీక్షల్లోనే ఉందిలే, వేలికి సూది గుచ్చి సూసుకునేది మానొద్దని డాక్టరు అన్నాడు. అయినా వీధంతా ఒకటే పొగడ్త. నేను జరీ వేస్తే కూలి, ఆమె బంగారు నలుసు వేస్తే సైన్సు! నా ఒళ్లు మండిపోయింది.

నేను మొదట నేసిన చీరె అమ్మకే ఇచ్చినా. మెంతిరంగు, ఎర్రంచు. ఒక్కనాడూ కట్టలే. అడిగితే "పట్టు దినామూ కడతారామే? సూస్తాంలే" అంటాది. ఎన్ని పండగలు పోయినాయో! అట్లాంటిది, చెల్లెలు ముక్క తేవడం ఆలస్యం, చెయ్యి చాపింది.

మర్నాడే చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, ఫోన్లో ఏమీ రాలేదే. అమ్మ చెయ్యి సూడు."

సూస్తే చెయ్యి బోడిగా ఉంది. లోపల్లోపల నాకెంత సంతోషమో!

"యాడ పెట్టినావుమా?"

"పట్టు కదమే, బంగారం కూడా ఉండాదంట. అంట్లు తోముతా పాడు చేసుకుంటానా? పెట్టెలో పెట్టినా. శ్రావణంలో ఉరుకుంద ఈరన్నసామి జాతరకు పోయేటప్పుడు వేసుకుంటా."

పెట్టె తెరిస్తే, ముక్క నా చీరె మడతలోనే ఉంది. ఆడికి కూడా వచ్చి చేరిందే అని పండ్లు కొరికినా.

శ్రావణంలో చెల్లెలు కొత్త ముక్క తెచ్చి అంటించింది. అమ్మ కట్టింది మాత్రం నూలుచీరే. ఉరుకుంద బస్సులో ఆడోళ్లంతా ఆమె చెయ్యి పట్టుకుని సూస్తాన్నారు. ఇంక ఆగలేకపోయినా.

"నీ ముక్కకు పండగొచ్చింది, నా చీరెకు రాలేదు. నువ్వంటేనే అమ్మకు ముద్దులే," అన్నా చెల్లెలితో.

ఆమె నా మొహంలోకి సూసింది. "నీ మీద నాకెంత కుళ్లో తెలుసా అక్కా? నా ముక్క రేపటికి ఊడిపోతాది. తాను పోయినప్పుడు నువ్వు నేసిన చీరెతోనే సాగనంపాలని అమ్మ నాతో మాట తీసుకుంది. అందుకే కట్టకుండా దాచింది."

ముందు సీట్లో అమ్మ ఎవరికో చెయ్యి సూపిస్తా నవ్వుతాంది. చీరె ఎప్పుడు కడతావని మళ్లా నేను అడగలే.