ఆకాశంలో మేకు

ఇంటర్ రెండోసారి కూడా తప్పాక మా అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. మా మేనత్త మాత్రం "ఇంట్లో కూచోని ఏం జేస్తావు, నా ఎంబడి రా" అని గూడూరు నిమ్మకాయల మార్కెట్‌కి తీసుకుపోయింది. అక్కడ రేకుల షెడ్డు కింద ఆరుగురు ఆడవాళ్లు గోనెపట్టాల మీద కూర్చుని కాయలు ఏరేవాళ్లు. పచ్చివి ఒక కుప్ప, పండినవి ఒక కుప్ప, మచ్చపడ్డవి ఇంకో కుప్ప. మొదటిరోజు నేను అన్నీ కలిపేశాను. రెండోరోజూ అంతే. మూడోరోజు మండీ యజమాని వచ్చి నా బుట్ట లాగేసుకుని, తన గదిలోని వారపత్రిక నా ఒళ్లో పడేశాడు.

"నువ్వు కాయలు ఏరబాకమ్మా తల్లీ. ఈళ్లకి కథలు చదువు, నోర్లన్నా మూతబడతాయి" అన్నాడు.

ఆ పత్రికలో అప్పుడే ఒక సైన్స్ ఫిక్షన్ సీరియల్ మొదలైంది. ఒక నగరం. అక్కడ మైకులో చెప్తేనే తెల్లవారుతుంది. నాయకుడు రోజూ తెరల మీద కనపడి అందరినీ పేరుపేరునా పలకరిస్తాడు. వీధి దీపాలు తుడిచే ఒక పిల్ల నిచ్చెన మరీ పైకి ఎక్కినప్పుడు ఆమె తల ఆకాశానికి తగులుతుంది. చూస్తే అక్కడొక మేకు. ఆకాశమంతా రేకే, నీలం రంగు పూసి మేకులు కొట్టారు. నాయకుడు కూడా ఉత్త బొమ్మే. ఆ బొమ్మని ఆడించేది ఎవరో ఆ పిల్ల కనుక్కోవాలి.

వీళ్లకేం అర్థమవుతుందిలే అనుకున్నాను. ఇంటర్ తప్పినా నా పొగరుకేం తక్కువ లేదు. మేకు మాట చదవగానే ఆరుగురూ తలెత్తి షెడ్డు రేకుల వంక చూశారు. మా అత్తయితే కొట్టిపారేసింది.

"మా వార్డులో గెలిచింది ఆయమ్మ, మీటింగులకి పొయ్యేది ఆయమ్మ మొగుడు. దీనికింత కథ రాయాల్నా?"

అందరూ నవ్వినా ఒకామె నవ్వలేదు. మేమంతా ఖాలా అని పిలిచేవాళ్లం, పిన్నీ అన్నట్టు. అందరికంటే పెద్దది. పొద్దున్నే ముందుగా వచ్చి యజమాని గది ఊడ్చి, తర్వాత కాయల దగ్గర కూర్చునేది. హాజరు పుస్తకంలో అందరిలాగే వేలిముద్ర వేసేది.

"ముందర కనపడేవాడు కాదు పాపా. ఎనకమాల గమ్మునుండే మనిషిని ఎతకమను" అంది.

ఖాలా కూతురు కువైట్‌లో ఒక ఇంట్లో పనికి పోయింది. నెలకోసారి మార్కెట్ పక్కనున్న ఫోన్ బూత్‌కి ఫోన్ చేసేది. రెండు నెలలుగా ఫోన్ లేదు. పంపించిన ఏజెంటుని అడిగితే "బాగుండాదిలే" అని తప్పించుకు తిరిగేవాడు. ఖాలా రొట్టెల పండగకి నెల్లూరు పోయి, కూతురు తిరిగి రావాలని మొక్కుకుని రొట్టె తీసుకుంది. అప్పటినుంచి సీరియల్లోని అమ్మాయిని "మన పిల్ల" అనడం మొదలుపెట్టింది. నేను చదవడం ఆపగానే ప్రతివారం ఒకటే ప్రశ్న.

"మన పిల్ల అన్నం తినిందా?"

తిన్నదని నేనే కలిపి చెప్పేదాన్ని. రచయితలకి ఇలాంటివి పట్టవు.

ఒక శుక్రవారం చదువుతూ చదువుతూ కిందికి చూశాను. ఇంకో నాలుగు వాక్యాల్లో ఆ పిల్లని పట్టుకుని మందిచ్చి నిద్రపుచ్చుతారు. ఆమె మళ్లీ లేవదు. ఆమె నిచ్చెన ఇంకో అమ్మాయికి ఇస్తారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రచయిత ఎదురుపడి ఉంటే మచ్చకాయల బుట్ట నెత్తిన బోర్లించేదాన్ని. తలెత్తితే ఎదురుగా ఖాలా, చేతిలో కాయ పట్టుకుని అలాగే ఆగిపోయి ఉంది.

నా నోరు దానంతటదే పేజీలో లేనిది చదివేసింది. "ఆ పిల్ల మేకు పీకింది. రేకు ఒరిగింది. సందులోంచి ఉప్పుగాలి వచ్చింది. చెప్పులు నిచ్చెన కిందే ఉండిపోయాయి. వాటికోసం దిగితే పట్టుబడుతుంది. దిగలేదు. ఆ సందులోంచి బయటపడింది."

ఖాలా కాయని పండ్ల కుప్పలో వేసింది. నిజానికి అది పచ్చికాయ.

అక్కడినుంచి ఎనిమిది వారాలు ఆ కథ నాదే. అచ్చులో ఏముంటే నాకేం, పత్రిక ముఖానికి అడ్డం పెట్టుకుని, పేజీ తిప్పాల్సిన చోట తిప్పుతూ కల్పించేసేదాన్ని. మాట తోచనప్పుడు దగ్గేదాన్ని. సీరియల్ పేజీ మూల ఎప్పుడూ నిమ్మరసపు వేలి మరక ఉండేది. యజమానికి నిమ్మసోడా అలవాటు కదా, అదేననుకున్నాను. దొరికిపోతానని భయంతో ప్రతి సంచికా ఇంటికి తీసుకుపోయి నీళ్లపొయ్యిలో పెట్టేసేదాన్ని.

ఒకసారి మాత్రం తడబడ్డాను. ఆ పిల్ల చెప్పులేసుకుని ఇసకలో నడుస్తోందని చదివాను.

"చెప్పులు లోపలే వదిలేసింది గదా పాపా" అంది ఖాలా, కాయల మీంచి చూపు తిప్పకుండా.

"అచ్చుతప్పు ఖాలా" అని పత్రిక ఇంకాస్త పైకెత్తుకున్నాను.

చివరికి ఆ పిల్లని ఇల్లు చేర్చి ముగించాను. ఆ తర్వాత కొద్ది రోజులకే ఖాలా కూతురు ఒక్క సంచీతో రైలు దిగింది. మేమంతా అది రొట్టె మహిమే అనుకున్నాం. ఖాలా మార్కెట్ మానేసి కూతురితో నెల్లూరు వెళ్లిపోయింది. నేను మూడోసారికి ఇంటర్ గట్టెక్కాను, తర్వాత కథలు రాయడం మొదలుపెట్టాను. నాకు అంత బాగా కథ వినేవాళ్లు మళ్లీ దొరకలేదు.

మొన్న ఊరగాయకి కాయలు కొందామని ఆ మార్కెట్‌కే వెళ్లాను. "మీరు కథలు చదివే అక్క గదా" అంటూ ఒకామె దగ్గరికి వచ్చింది. ఖాలా కూతురు. ఇప్పుడు గూడూరులోనే బట్టలు కుడుతోందట. ఖాలా పోయి రెండేళ్లయిందని చెప్పింది. నన్ను ఇంటికి తీసుకుపోయి టీ ఇచ్చి, బిస్కెట్ల డబ్బా నా ముందు పెట్టింది. డబ్బా నిండా ఖాలా కువైట్‌కి పంపిన జాబులు.

"ఇవి ఎవరు రాసిపెట్టేవాళ్లమ్మా?" అన్నాను.

"ఎవరో ఎందుకు రాస్తారక్కా? మా అమ్మ ఎనిమిది దాకా చదివింది. అందరూ వేలిముద్రలేస్తా ఉంటే నేనొక్కదాన్నే సంతకం పెడితే బాగుండదనేది."

ఒక జాబు తీశాను. మూల అదే మరక.

"పొద్దున గది ఊడ్చేటప్పుడు చదివినా. పుస్తకంలో మన పిల్లని చంపేసినారు. మధ్యాన్నం పాప చదివేటప్పుడు బతికించేసింది. నాకోసరమే. అబద్ధమని మొకం మీదే తెలస్తా ఉండాది. నేను గమ్మునుండినా. వచ్చేవారం ఏం జేస్తాదో చూడాల."

ఆ ఇంట్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. సిగ్గు కూడా వేయలేదు. ఆమె నా చేతిలోని కప్పు తీసి పక్కన పెట్టింది.

"కువైట్‌లో ఆ ఇంట్లో, తర్వాత నన్ను ఫోన్ ముట్టనిచ్చేవాళ్లు కాదక్కా. కడప డ్రైవరన్న ఒకాయన అమ్మ జాబులు తెచ్చి దొంగతనంగా ఇచ్చేవాడు. ప్రతిదాంట్లో మీరు చెప్పిన కథే. ఒకరోజు గేటు తీసుండింది. జాబులుండే సంచీ చంకలోనే ఉండాది, నా చెప్పులు మాత్రం లోపల ఉండాయి. ఎనక్కి తిరగబోయి ఆగినా." ఆమె నా వైపు చూసింది. "మీ పిల్ల దిగలేదు గదా. నేనూ ఎనక్కి పోలేదు."