గడప కాడ చాట

అవ్వ పోయిందని పోయిన వారం ఫోన్ వచ్చింది. అప్పుడు నేను వార్డులో ఒక ముసలాయనకు నెబ్యులైజర్ పెడుతున్నాను. చేసింది అవ్వ కూతురు. "అమ్మ పోయింది డాక్టరమ్మా. పొద్దుగాల చాయ్ తాగింది, గోడకు ఒరిగింది, గంతే" అంది. వస్తున్నానని చెప్పి ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ముసలాయన మాస్కు పక్కకు జరిపి "ఎవలు పోయిండ్రు బిడ్డా?" అని అడిగాడు. ఇంటి ఓనరంటే ఆమెకు సరిపోదు, చుట్టమంటే అబద్ధం. "నన్ను ఇంట్ల పెట్టుకున్నామె" అన్నాను.

నిజామాబాద్‌లో మెడికల్ సీటు వచ్చినప్పుడు మా కోటగిరిలో అమ్మ వాడకట్టంతా మిఠాయిలు పంచింది. ఆ ఏడాది మాకు హాస్టల్ దొరకదన్న సంగతి చేరడానికి వెళ్ళిన రోజున తెలిసింది. కోటగిరి నుంచి బోధన్, బోధన్ నుంచి నిజామాబాద్, రెండు బస్సులు మారి పొద్దుటి క్లాసుకు అందుకోవడం జరిగే పని కాదు. అందుకని బాపు, నేను కాలేజీ చుట్టుపక్కల గల్లీలు పట్టుకున్నాం. టు లెట్ బోర్డు కనిపిస్తే చాలు, బాపు తలకు చుట్టిన తువ్వాల తీసి భుజాన వేసుకుని గేటు తట్టేవాడు.

మొదటి ఇంటాయన "ఎవలు మీరు?" అన్నాడు. బాపు పేరు చెప్తే, అడిగింది అది కాదన్నట్టు చూశాడు. ఇంకో ఇంట్లో "నీసు వండుతరా?" అన్నారు. మరో ఇంట్లో ఫ్యామిలీకి తప్ప ఇవ్వమన్నారు. ఒకచోట మాత్రం వ్యవహారం గది చూపించేదాకా వచ్చింది. వెలుతురున్న గది, నాకు ఎంతో నచ్చింది. ఆ ఇంటావిడ తాళంచెవి నా చేతిలో పెట్టబోతూ "ఏం సదువుతవ్ బిడ్డా?" అంది. చెప్పాను. ఆవిడ చెయ్యి వెనక్కి పోయింది.

"మెడికలా? మీరు బొక్కలు తెస్తరు. ఇంతకు ముందు ఉన్న పిలగాడు మంచం కింద పుర్రె పెట్టిండు. మా అత్తకు జరమొచ్చింది. వద్దు తల్లీ."

మెడికల్ కాలేజీ పక్కన ఇల్లు కట్టుకుని, మెడికల్ పిల్లలకు ఇవ్వమనేవాళ్ళు మరి ఎవరి కోసం బోర్డులు కడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ తర్వాత తట్టిన ప్రతి గేటు దగ్గరా అదే మాట, ఎముకలు తెస్తారని. పొద్దు వాలేసరికి బాపు మొహం మారిపోయింది. రోడ్డు పక్కన నిలబడి, నా వైపు చూడకుండా అన్నాడు: "గీ పొద్దు రూమ్ దొరకకుంటే ఇంటికే పోదాం బిడ్డా. సీటు పోతే పోనీ. ఆడపిల్లను రోడ్డు మీద ఇడిసిపెట్టి నేను బస్సెక్కలేను." బాపు మాటంటే మాటే.

మంచినీళ్ళు అడుగుదామని ఒక పెంకుటింటి ముందు ఆగాం. తలుపు తీసే ఉంది. గడపకు లోపలి పక్క గోనెపట్టా మీద ఒక ముసలామె కాళ్ళు చాపుకుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమె కాళ్ళతో, చాటతో ద్వారం నిండిపోయింది. బాపు నీళ్ళు అడిగాడు. "కుండ లోపట ఉన్నది, నువ్వే ముంచుకొని తాగు. ఆగు, కట్ట గానీ" అంది తలెత్తకుండా. ఆమె చాట మీదుగా ఒక్క అంగ వేస్తే లోపలికి వెళ్ళిపోవచ్చు. నేను కాలెత్తబోయాను కూడా. బాపు నా రెక్క పట్టుకుని ఆపాడు. ఆమె బీడీలన్నీ కూర్చి, దారం చుట్టి, కట్ట పక్కన పెట్టి, చాట రెండు చేతులతో ఎత్తేదాకా ఇద్దరం సాయంత్రపు ఎండలో నిలబడ్డాం.

అప్పుడామె తలెత్తి బాపును చూసింది. "మీ ఇంట్ల బీడీలు జేస్తరా?"

"మా అవ్వ జేసేది" అన్నాడు బాపు.

"గందుకే. గీ కాలం పిల్లలు చాట మీదికెల్లి దాటి పోతరు. బువ్వ పెట్టే చాట గది." నేను నీళ్ళు తాగుతుంటే బాపు మా సంగతంతా చెప్పాడు. వెనక గది ఖాళీగానే ఉందని, ఉంటే ఉండమని ఆమె అంది. ఏం చదువుతానని అడగలేదు. బాపే చెప్పాడు. "మందుల సదువా, మంచిదే" అంది. బాపు వెళ్ళేటప్పుడు "అవ్వా, పిల్ల పైలం" అన్నాడు. "నేను గీడనే ఉంట గదా, ఏడికి పోత?" అందామె.

అది ఎంత నిజమో నాకు మర్నాటి నుంచి తెలిసొచ్చింది.

ఆ ఇంట్లో గదులు ఒకదాని వెనక ఒకటి. నాది వెనకది. దాని కిటికీ తెరిస్తే పక్కింటి గోడ, చెయ్యి చాపితే తగులుతుంది. పెరటి చుట్టూ గేటు లేని ప్రహరీ. బయటికి పోవాలంటే అవ్వ ముందుగదిలోంచి, అవ్వ కూర్చున్న ద్వారంలోంచి పోవాలి. వెలుతురు అక్కడే కాబట్టి ఆమె పొద్దుటి నుంచి దీపాల వేళ వరకు అక్కడే. పొద్దున క్లాసుకు టైమవుతుంటే బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళి నిలబడేదాన్ని. "ఆగు బిడ్డా, కట్ట గానీ." ఆమె వేళ్ళు ఆకును చుడుతూనే ఉండేవి, ప్రశ్నలు వస్తూనే ఉండేవి. ఏడికి? ఎవలతోని? మల్లెప్పుడొస్తవ్? సాయంత్రం తోటివాళ్ళు చాయ్ హోటల్ దగ్గర చేరేవాళ్ళు. వాళ్ళ నవ్వులు మా గల్లీ దాకా వినిపించేవి. వెళ్ళాలంటే చాట లేవాలి, చాట లేవాలంటే జవాబు చెప్పాలి. చాయ్ తాగడానికి పోతున్నానంటే "ఇంట్ల చాయ్ లేదా?" అని నిజంగానే పొయ్యి వెలిగించేది.

ఫ్యాన్ సంగతి చెప్తే మీరు నమ్మరు. నా గదిలో ఫ్యాన్ వేస్తే గాలి ముందుగదిలోకి పోయి చాటలో తంబాకు లేచేది. "బిడ్డా, పంకా!" అని కేక. తలుపు మూసి ఫ్యాన్ వేసుకుంటే ఊపిరాడదు, తలుపు తీస్తే ఫ్యాన్ బందు. ఎండాకాలంలో ఆ గదిలో కూర్చుని నరాల పేర్లు బట్టీ పడుతూ చాలాసార్లు ఏడ్చాను. పుస్తకాలకు, దుప్పట్లకు, అన్నానికి కూడా తంబాకు వాసనే. ఆదివారాలు వేరే గది కోసం తిరిగేదాన్ని. మెడికల్ అనగానే మళ్ళీ అదే మాట, బొక్కలు. తిరిగి తిరిగి వచ్చి, చాట ముందు నిలబడేదాన్ని.

ఒకరోజు విసుగు ఆగక అనేశాను. "అవ్వా, జైల్ల ఉన్నట్టున్నది నాకు."

అవ్వ కోపం తెచ్చుకోలేదు. కత్తెరతో ఆకు కత్తిరిస్తూ, "నీకైతే పొద్దుగాల పోయేటిది, మాపటికి వచ్చేటిది ఉన్నది బిడ్డా. నేను పెండ్లయి గీ ఇంట్లకొచ్చిన కాడికెల్లి గీ దర్వాజలనే ఉన్న. నాకు గీ సందులకెల్లి ఎంత కండ్లబడితే గంతనే నిజామాబాద్" అంది. తర్వాత దగ్గొచ్చి చాలాసేపు దగ్గింది.

ఆ దగ్గు గురించి నేను పోరు పెట్టకపోలేదు. ఆస్పత్రికి రమ్మంటే నవ్వేది. "నువ్వింక బొక్కల కాడనే ఉన్నవ్. ఊపిరి దాక రానీ, అప్పుడొస్త" అనేది.

బొక్కల సంగతి కూడా చెప్పాలి. మొదటి ఏడు చదువంతా వాటి మీదే నడుస్తుంది. చేతిలో పట్టుకుని చూడకుండా ఎన్ని బొమ్మలు చూసినా తలకెక్కదు. సీనియర్ అక్క ఒకామె తన ఎముకల సంచి ఇస్తానంది. చెప్పకుండా తెచ్చుకోమని స్నేహితులు సలహా ఇచ్చారు. కానీ ఆ ద్వారం దాటించి చెప్పకుండా ఏం తెస్తాం? పోతే పోయింది గది అనుకుని, చాట ముందు కూర్చుని అడిగాను. అవ్వ చేతులు ఆగిపోయాయి. అవి పని మధ్యలో ఆగడం నేను చూడటం అదే మొదటిసారి.

"మనిషి బొక్కలా?"

"మనిషివే అవ్వా. అవి లేకుంటే పరీక్ష పాసుగాను."

"ఎవలివి?"

"తెల్వదు."

"ఆడామెవా, మొగాయనవా?"

"నడుము బొక్క చూస్తే తెలుస్తదంట. నాకింక రాదు."

అవ్వ మళ్ళీ ఆకు అందుకుంది. ఒక కట్ట పూర్తి చేసి దారం కట్టింది. నేను మనసులో పెట్టె సర్దుకుంటున్నాను, బాపుకు ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాను. చివరికి అంది: "తే. ఎవలో తల్లి కన్నదే గదా. ఎవలన్నది తెలుసుకొని నాకు చెప్పు. మొగాయనైతే తలకాడ పెట్టుకోకు."

కొన్నాళ్ళకు పుస్తకం పక్కన పెట్టుకుని పోల్చి చూసి, ఆడామేనని చెప్పాను. "పిల్లల కన్నదా?" అని అడిగింది. అది గట్టిగా చెప్పలేమన్నాను. "గదేం సదువే" అని పెదవి విరిచి, లేచి వెళ్ళి పెట్టెలోంచి మెత్తటి పాత చీర తెచ్చింది. "ఆడామె గదా. ఉత్త గోనెసంచిల ఎందుకు, దీంట్ల కట్టు." ఆ రోజు నుంచి పొద్దున చాయ్ ఇస్తూ "ఆమె లేచిందా?" అని అడిగేది. నేను లేచిందనేదాన్ని. ఆ ఇంట్లో నాకు మొదటిసారి నవ్వొచ్చింది దాంతోనే.

నా గదిలో వెలుతురు లేక ఒకరోజు తొడ ఎముక తీసుకుని పెరట్లో కూర్చున్నాను. పక్కింటామె బట్టలారేస్తూ ప్రహరీ మీదుగా చూసింది. కాసేపట్లో గల్లీ ఆడవాళ్ళంతా ముందు వాకిట్లో ఉన్నారు.

"అవ్వా, నీ ఇంట్ల మనిషి బొక్కలున్నయట. లోపటికి పోయి సూస్తం, జరుగు."

"కట్ట గానీ" అంది అవ్వ.

నేను ముందుగదిలో గోడకు అంటుకుపోయి నిలబడ్డాను. వాళ్ళు లోపలికొచ్చి ఆ మూట చూస్తే ఆ పూటే నా బతుకు రోడ్డు మీదికి, అక్కణ్ణుంచి కోటగిరి బస్సులోకి. వాళ్ళందరూ బీడీలు చుట్టేవాళ్ళే. కేకలు వేశారు, తిట్టారు, ఇంట్లో దయ్యం తిరుగుతుందన్నారు, కానీ ఒక్కరూ చాట మీదుగా కాలెయ్యలేదు. కట్ట పూర్తయింది. చాట లేవలేదు. అవ్వ ఇంకో ఆకు తీసి తంబాకు పోసింది. "మీ ఇండ్లల్ల జరమొస్తే ఎవల కాడికి పోతరు? గిసుంటి పిల్లలు బొక్క సూడకుంటే మీ బొక్కలెట్ల అతుకుతరు?" అంది, చేతులు ఆపకుండా. ఇంకో కట్ట, ఇంకో కట్ట. దీపాలు పెట్టే వేళయింది. పొయ్యి మీద అన్నాలు గుర్తొచ్చి ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

అంతవరకు ఊపిరి సలపనివ్వని ఆ చాట వెనక నిలబడి, అది లేవకూడదని ఆ రోజు దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

తర్వాత చాలా రోజులు ఆ గల్లీలో ఎవరూ అవ్వ దగ్గరికి వచ్చి కూర్చోలేదు. సాయంత్రాలు ఆమెతో పాటు చాటలు పట్టుకుని కబుర్లాడేవాళ్ళు ఇంకో ఇంటి ముందు చేరారు. అవ్వ వాళ్ళ మాటలు వింటూ ఒక్కతే చుట్టుకునేది. నాతో ఆ మాట ఎత్తలేదు. ఎండలు ముదిరాక పక్కింటామె కొడుకు చెయ్యి విరిగితే, కట్టు కట్టించడానికి నన్ను ఆస్పత్రికి తోడు రమ్మని తనే వచ్చి ద్వారం ముందు నిలబడింది. అవ్వ కట్ట కూడా పూర్తి చెయ్యకుండా చాట ఎత్తింది.

రెండో ఏడు హాస్టల్ దొరికింది. వెళ్ళే రోజు నాకు దిగులు కలగలేదు, అబద్ధం ఎందుకు, ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఫ్యాన్ కింద తలుపులన్నీ తీసుకుని పడుకున్నాను ఆ రాత్రి. తర్వాత నుంచి గల్లీలోకి వెళ్ళినప్పుడల్లా ద్వారం దగ్గర కూర్చుని వచ్చేదాన్ని. నా చదువు ఊపిరితిత్తుల దాకా వచ్చిందని చెప్పిన రోజున, మాట ప్రకారం ఆటో ఎక్కి ఆస్పత్రికి వచ్చింది. ఆ తంబాకు దుమ్ము లోపల ఎంత పేరుకుందో సారు ఎక్స్‌రే ఫిల్మ్ మీద చూపిస్తే నేనే అటు చూడలేకపోయాను. మందులు వాడింది, చాట మాత్రం వదల్లేదు. వదలమంటే, "మరి ఏం జేసుకుంట కూసోవాలె?" అని నన్నే అడిగింది.

నేను వెళ్ళేసరికి అవ్వను వాకిట్లో పడుకోబెట్టారు. గల్లీ అంతా ఉంది. పక్కింటామె అందరికన్నా గట్టిగా ఏడుస్తోంది. అవ్వ కూతురు నన్ను పట్టుకుని కాసేపు ఏడ్చి, "వెనక రూమ్‌ల పెట్టె మీద కొత్త చద్దరున్నది, తెచ్చి పెట్టవా డాక్టరమ్మా" అంది. లోపలికి పోయాను. ద్వారం ఖాళీగా ఉంది, కంగారులో అది నా దృష్టికి రాలేదు. వెనక గదిలో ఎవరో ఫ్యాన్ వేసి వదిలేశారు, తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, గాలి ముందుగది దాకా కొడుతోంది. చెయ్యి దానంతట అదే స్విచ్చు మీదికి పోయి ఫ్యాన్ ఆపింది. చద్దరు తీసుకుని గబగబా వచ్చాను.

గడప ఇవతల గోనెపట్టా అలాగే పరిచి ఉంది. చాట గోడకు ఆనించి ఉంది. దాని కింద దారం కట్టని బీడీలు కొన్ని. పట్టా దగ్గరికి వచ్చి ఆగిపోయాను.

"తెస్తున్నవా డాక్టరమ్మా?" బయట నుంచి అవ్వ కూతురు పిలుస్తోంది. దారికి ఏ అడ్డూ లేదు. ఏడికి అని అడిగేవాళ్ళు లేరు. చద్దరు గుండెలకు పట్టుకుని, కట్ట అయ్యేదాకా ఆగేదానిలా, అక్కడే నిలబడి ఉన్నాను.