తడి కంటిన్యుటీ

ఆ రోజుల్లో నాచారం స్టూడియోలో నేను నోరు తెరవనిదే ఇంకెవరూ నోరు తెరిచేవారు కాదు. హీరోయిన్, విలన్, తెల్లమీసాల జమీందారు, అందరూ నా వైపే చెవి పెట్టుకుని నిలబడేవారు. వాళ్ళు ఏడవాలా, కేకలు వెయ్యాలా అన్నది నా పెదవుల మీద ఆధారపడి ఉండేది. ఇప్పుడు పౌరహక్కుల లాయరుగా పేరు తెచ్చుకున్న మా చిట్టికి మాట్లాడటం నేర్పింది నేనే. ఆమె జీవితంలో మొట్టమొదటి ధర్నాకు నాయకత్వం వహించిందీ నేనే. ఈ సంగతి బోడుప్పల్‌లో మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కి కూడా తెలుసు. వారానికోసారి చెబుతుంటాను మరి.

(ఇక్కడ ఒక చిన్న సవరణ. నేను ప్రాంప్టర్ని. స్తంభం వెనకో సోఫా వెనకో గొంతుక్కూర్చుని డైలాగు ముక్కముక్కగా అందిస్తే, నటులు విని చెప్పేవారు. కాబట్టి నేను నోరు తెరవనిదే వాళ్ళు తెరవరన్నది నిజమే. నేను తెరిచింది మాత్రం సోఫా వెనక. ధర్నా సంగతికి తర్వాత వస్తాను. దానికి తొందరేం లేదు, నాకైతే అసలే లేదు.)

చిట్టికి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఉప్పల్‌లో సర్కారీ ఆఫీసు క్వార్టర్లలో ఉండేవాళ్ళు. మా సీరియల్లో పెద్దింటి గారాలపట్టి వేషం. సీరియలు వారానికి ఒక్కరోజే వచ్చేదైనా, ఆ అరగంటా ఉప్పల్‌లో కూరగాయల బండివాడు కూడా బేరం ఆపి టీవీ ముందుకు పోయేవాడు. చిట్టికి చదవడం బద్ధకం, వినడం మహా చురుకు. నేను ఏది అందిస్తే అది, నా దగ్గుతో సహా, అప్పజెప్పేది. నన్ను "ప్రాంప్టర్ మామా" అనేది. సీరియల్లో ఆ పెద్దింట్లో అంట్లు తోమే పిల్ల వేషానికి మల్లాపూర్ వైపు బస్తీ నుంచి ఒక అమ్మాయి వచ్చేది. దాని వయసూ అంతే. అందరం 'గిన్నెల పిల్ల' అనేవాళ్ళం. అసలు పేరు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఒక చలికాలం పొద్దున వాన సీను. ట్యాంకరు తెప్పించి, పైపులతో వాన కురిపిస్తున్నారు. గిన్నెల పిల్ల వానలో వాకిట నిలబడి ఉంటే, చిట్టి అరుగు మీద గొడుగు కింద నిలబడి "లోపలికి రాకు, గడప తడుస్తుంది" అనాలి. ఒక్క వాక్యం. కానీ ఒకసారి గొడుగు తిరగబడింది, ఒకసారి లైటు పోయింది, ఒకసారి సెట్టు వెనక మేక అరిచింది. ఆరు టేకులయ్యాయి. ప్రతి టేకు తర్వాత చిట్టివాళ్ళమ్మ పరుగున వచ్చి కూతురికి తువ్వాలుతో ముఖం అద్ది, వేడిపాలు తాగించేది. గిన్నెల పిల్ల రేకుల షెడ్డు కింద పళ్ళు టకటకలాడిస్తూ నిలబడేది.

"మామా, దానికేది తువ్వాలు?" అంది చిట్టి.

"దాన్ని తుడవకూడదు చిట్టీ. కంటిన్యుటీ పోతుంది. ఈ షాటులో ఎలా ఉందో తర్వాతి షాటులోనూ అలాగే ఉండాలి."

"మరి నన్నెందుకు తుడుస్తున్నరు?"

"నీది పొడి కంటిన్యుటీ. దానిది తడి కంటిన్యుటీ" అన్నాను, శాస్త్రం చెబుతున్నట్టు.

చిట్టి ఆ పిల్ల వైపు చూసింది. నా వైపు చూసింది. "దానికి తువ్వాలు ఇచ్చేదాంక నేను మాట్లాడ" అని అరుగు మీద చతికిలబడింది.

ఆ రోజు సీరియలుకి డబ్బు పెట్టే సబ్బుల కంపెనీవాళ్ళు షూటింగు చూడటానికి వచ్చారు. నిర్మాత వాళ్ళ పక్కన కుర్చీలో చెమటలు తుడుచుకుంటున్నాడు. మా మేనేజరు (నిమిషానికోసారి చెయ్యెత్తి టైము చూసుకునేవాడు, అందుకని 'గడియారం' అని పేరు పెట్టాం) నా చెవిలో అన్నాడు: "ఏందయ్యా, ఆ పోరి నోరు తెరిపిస్తవా, నీ నోరు మూయించాల్నా?"

నాకప్పుడు పెళ్ళై మూడు నెలలు. తులసికోట వెనక దూరాను. కెమెరా తిరిగింది, వాన మొదలైంది. "లోపలికి రాకు, గడప తడుస్తుంది" అని అందించాను. చిట్టి పలకలేదు. మళ్ళీ అందించాను. పలకలేదు. గడియారం చెయ్యెత్తాడు. అప్పుడు నేను పళ్ళ బిగువున ఇలా గుసగుసలాడాను: "చెప్పకపోతే రేపటి నుంచి ఆ పిల్లను గేటు దాటనివ్వరు. అదంతా నీ వల్లే."

చిట్టి కెమెరాలోకి సూటిగా చూసి, గొంతెత్తి, నా గుసగుసలోని కోరలతో సహా పలికింది: "చెప్పకపోతే రేపటి నుంచి ఆ పిల్లను గేటు దాటనివ్వరు. అదంతా నీ వల్లే."

"అయ్యో, అది కాదు!" అన్నాను.

"అయ్యో, అది కాదు!" అంది.

"కట్ చెప్పండి సార్!"

"కట్ చెప్పండి సార్!"

నవ్వాపుకోలేక కెమెరామన్ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. సబ్బుల కంపెనీ మేడమ్ కళ్ళొత్తుకుని, "పాప మస్తు జేసింది" అని చప్పట్లు కొట్టింది. అతిథుల ముందు నిర్మాత ఏమంటాడు? "ఆ పాపకు ఎవరైనా తువ్వాలు ఇవ్వండయ్యా" అన్నాడు. ఎవరో ఇచ్చేదాకా చిట్టి ఆగలేదు. తన తువ్వాలు తీసుకుని వానలోకి దిగి ఆ పిల్లకు కప్పి, తిరిగొచ్చి, తర్వాతి టేకులో తన వాక్యం ఒక్కసారికే చెప్పేసింది.

ఇదీ ఆమె మొదటి ధర్నా. నాయకత్వం ఆమెది. ధర్నా జరిగింది నా మీద.

ఇక్కడికి ఆపేస్తే నవ్వుకుని లేచిపోవచ్చు. వాచ్‌మన్‌కి ఇంతవరకే చెబుతాను. మర్నాడు గడియారం నన్ను గేటు దగ్గరికి పంపాడు. గిన్నెల పిల్ల వాళ్ళమ్మతో వచ్చింది. తువ్వాలు ఉతికి, మడత పెట్టి, చంకన పెట్టుకుని తెచ్చింది.

"నీ పాత్ర ఊరెళ్ళిపోయిందమ్మా" అన్నాను.

"ఏ ఊరు సార్?" అంది ఆ పిల్ల.

"వరంగల్."

"మల్ల ఎప్పుడొస్తది?"

"వచ్చినప్పుడు కబురు చేస్తాం" అన్నాను. వాళ్ళమ్మకు అర్థమైంది. లోపలికి వెళ్ళి చిట్టికేమో, దానికి సినిమాలో వేషం వచ్చిందని చెప్పాను. చిట్టి ఎంత సంబరపడిందంటే, ఆ తర్వాత ఏ కొత్త సినిమా పోస్టరు కనబడ్డా ఆగి, అందులో ఆ పిల్ల ముఖం కోసం వెతికేది. నేను పక్కనే నిలబడి వెతికినట్టు నటించేవాణ్ణి. నా జీవితంలో ఏ ప్రాంప్టింగూ లేకుండా చేసిన నటన అదొక్కటే.

చిట్టి పొడుగైంది, వేషాలు తగ్గాయి, లా చదివింది. పోలీస్ స్టేషన్లలో ఇప్పటికీ ఎవరో ఒకరు గుర్తుపట్టి సెల్ఫీ అడుగుతారట. "ముందు మీరు తీస్కొచ్చిన మనిషిని జూపెట్టుండ్రి, తర్వాత ఫొటో" అంటుందట. పోస్టర్లలో దొరకని స్నేహితురాలు, ఇళ్ళు ఖాళీ చెయ్యమని నోటీసులొచ్చిన ఒక బస్తీలో, జనం ముందు వరసలో దొరికింది. ఇప్పుడు ఇద్దరూ కలిసి ఇళ్ళలో పనిచేసేవాళ్ళ సంఘం నడుపుతున్నారు.

ఇదేదీ తెలియక, మొన్నామధ్య నాచారం కమ్యూనిటీ హాల్లో చిట్టి సభకు వెళ్ళి, మైకు అడిగి తీసుకుని మరీ నా నాయకత్వం సంగతి చెప్పాను. ఆ పిల్లకు తువ్వాలు కప్పింది కూడా నేనే అన్నాను. (మైకు చేతికొస్తే ఒక్కోసారి అలా అయిపోతుంది.) చిట్టి మైకు అందుకుని, "నిజమే, మామ లేకుంటే కొట్లాడుడు నాకు తెల్వకపోవు" అంది. హాలంతా చప్పట్లు. నేను నమస్కారాలు పెడుతూ స్టేజీ దిగుతుంటే, ఆ మాటకున్న రెండో అర్థం రెండో మెట్టు మీద తట్టింది. కింద ఒకావిడ నిలబడి ఉంది. "వరంగల్ కెళ్ళి వచ్చిన సార్" అంది.

అందుకే ఇదంతా నిజంగా రాయాలనుకున్నాను. రాసి, నిన్న ఉప్పల్‌లో చిట్టి ఆఫీసుకి పట్టుకెళ్ళి ఇద్దరికీ చదివి వినిపించాను. సోఫా వెనక నుంచి కాదు, ఎదురుగా కూర్చుని. చివర్లో ఇలా ఉంది: 'నేను చేసిన మంచిపని ఒక్కటే. ఆ గేటు దగ్గర ఆ పిల్ల తువ్వాలు ఇవ్వబోతే, నీ దగ్గరే ఉంచుకో తల్లీ అన్నాను.' అది చదివి, ఆ వయసులోని నన్ను తలుచుకుని కాస్త జాలిగా, కాస్త ముద్దుగా నవ్వుకున్నాను కూడా.

ఆవిడ నవ్వలేదు. "ఉంచుకోమనలే సార్" అంది. "చిట్టికి ఇస్తనని తీస్కున్నవు. తీస్కొని నీ సైకిల్ సీటు తుడుసుకున్నవు. నేను గేటవతల నిలబడి సూసిన."