రెండో శనివారం పాసింజరు

నిన్న జగ్గయ్యపేట దగ్గర రైల్వే గేటు పడింది. సిమెంటు వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి తాపీగా పోతుంటే, కారాపుకుని కూర్చున్న నాకు ఒళ్ళు మండింది. బస్తాలకి దొరికే రైలు మనుషులకి దొరకదు. ఈ గూడ్సు పోయి కలిసే పెద్ద లైను మీదే ఒకప్పుడు బెజవాడ నుంచి వరంగల్లు వైపు పాసింజరు నడిచేది. ఆ బండి చరిత్ర కాగితాల్లో ఎలా ఉంటుందో తెలియదు, మా ఇంట్లో మాత్రం దానికి అమ్మ బండి అని పేరు.

అమ్మ నందిగామలో టీచరు. వాళ్ళక్క, అంటే మా పెద్దమ్మ, ఆ లైను మీద చిన్న స్టేషనున్న ఊళ్ళో ఉండేది. ఒక గృహప్రవేశంలో, భోజనాల పంక్తిలో, పెదనాన్న మా నాన్నని ఏదో మాటన్నాడు. ఏమన్నాడో అమ్మ మాకు చెప్పలేదు గానీ, ఆ ఊళ్ళో మళ్ళీ కాలు పెట్టనని ఒట్టు పెట్టుకుంది. పెదనాన్న కూడా తక్కువ తినలేదు, పెద్దమ్మని మా గడప తొక్కనివ్వలేదు. అందుకని ప్రతి రెండో శనివారం అమ్మ బస్సులో మధిర వెళ్ళి పాసింజరెక్కేది. పెద్దమ్మ ఊరి స్టేషన్లో బండి ఆగగానే ఆవిడ కిటికీ దగ్గరికి పరుగున వచ్చేది. బండి ఆగేది రెండు నిమిషాలు. అమ్మ దిగదు, దిగితే ఒట్టు తప్పుతుంది. పై స్టేషన్లో దిగి తిరుగు బండిలో వస్తుంటే మళ్ళీ రెండు నిమిషాలు. పచ్చడి సీసా ఇటు, జాకెట్టు ముక్క అటు. ఎక్స్‌ప్రెస్ కోసం పాసింజరుని ఆ స్టేషన్లో పక్కన పెడితే పెట్టెలో అందరూ తిట్టుకునేవారు. అమ్మ మాత్రం ఆ ఎక్స్‌ప్రెస్ ఇంకాస్త ఆలస్యం కావాలని దణ్ణం పెట్టుకునేది.

కరోనాకి అన్ని బళ్ళూ ఆగాయి. తర్వాత ఎక్స్‌ప్రెస్‌లు వచ్చాయి, పాసింజరు రాలేదు. పెద్దమ్మకి అప్పటికే చెవుడు, ఫోనులో మాట అందదు. ఒట్టు తీసి గట్టున పెట్టమని, కార్లో తీసుకెళ్తానని అమ్మతో అన్నాను.

"ఇన్నేళ్ళు నిలబెట్టుకున్న మాట ఇప్పుడు తప్పమంటావేంట్రా? బండి మళ్ళీ వేస్తార్లే" అంది.

నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. ఆదివారం పొద్దుటి నిద్ర నాకు ముద్దు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బండి ఆగిన మూడో వేసవిలో పెద్దమ్మ పోయిందని కబురొచ్చింది. అమ్మ చెప్పులేసుకుని, నేను పిలవకుండానే వచ్చి కార్లో కూర్చుంది. ఆ వాకిట్లో దిగి, నేరుగా వెళ్ళి అక్క పాదాలు పట్టుకుంది. చాలాసేపటికి పెదనాన్న వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఆ రోజు నేనేమన్నానో నాకు గుర్తు లేదమ్మాయ్" అన్నాడు.

అమ్మ తలెత్తలేదు. "నాకూ గుర్తు లేదు బావా" అంది.

కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు. మావాళ్ళ కోపాన్ని కూడా అది ఎప్పుడో మాన్పేసే ఉంటుంది, కానీ ఆ సంగతి మాలో ఒక్కరికీ చెప్పలేదు.